సీటు కింద ఆరు ఫ్యూజు గదులు

2023 జూన్ 18, ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు భిలాయి సెక్టర్ 4లో మా క్వార్టర్ ముందు నా మోటార్ సైకిల్ కాలింది. మొత్తం కాలలేదు. హెడ్‌లైట్ వెనక ఒక తీగ కాలింది. నేను తాళం తీసేశాను. పొగ ఆగలేదు. మా అత్తయ్య తాయారమ్మ వంటింట్లోంచి బియ్యం కడిగిన గిన్నెతో పరుగెత్తుకొచ్చి ఆ నీళ్ళు బండి ముఖాన పోసింది. పొగ ఆగింది. తీగ తెగిపోయి ఆగిందా, నీళ్ళకు ఆగిందా అన్నది తేలలేదు. అత్తయ్య ఇప్పటికీ తన నీళ్ళకే ఆగిందంటుంది.

మా ఆయన కృష్ణమోహన్ బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికొచ్చాడు. ఆయన వెనక మా మావయ్య గోపాలస్వామి గారు పేపరు మడుచుకుంటూ వచ్చారు. ఇద్దరూ బండికి చెరో వైపు నిలబడ్డారు.

"దీనికి షట్‌డౌన్ ఎవరు తీసుకున్నారు?" అన్నారు మావయ్య.

"ఇది బండి నాన్నా. రాడ్ మిల్లు కాదు."

"కరెంటుకి తెలుసేటి, అది బండో మిల్లో?"

మావయ్య స్టీలు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. రాడ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. రిటైరై నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఆయన చేసిన పని ఉదయం పాలు తేవడం, పేపరు చదవడం, సాయంత్రం సెక్టర్ 2 దాకా నడిచి మిల్లులో తన పాత జోడీదారు జగ్గయ్య గారితో పోట్లాడి రావడం. మా ఆయనకు భిలాయి-3 స్టేషన్ రోడ్డులో మోటార్ సైకిళ్ళకు లైట్లు, హారన్లు, సీటు కవర్లు అమ్మి బిగించే షాపు ఉంది. కాలిన తీగ ఆయన బిగించిందే.

ఆ బండితో నాకు పనుంది. జూలై 3 నుంచి నేను ఒక ల్యాబ్‌లో చేరాలి. పెళ్ళయిన పదకొండేళ్ళకు దొరికిన ఉద్యోగం. తెల్లవారి ఐదున్నరకు బయల్దేరి ఉతయి, సెలూద్, జామగావ్, పాటన్ తిరిగి, షుగరు, థైరాయిడ్ పరీక్షలకు రక్తం తీసుకుని, తొమ్మిదిన్నర లోపల సుపేలాలో ఉన్న ల్యాబ్‌కు చేర్చాలి. తొమ్మిదిన్నర దాటితే ఆలస్యం కింద రాస్తారు. మొదటి నెలలో మూడు ఆలస్యాలు పడితే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. తర్వాతి పేర్లు పదకొండు ఉన్నాయని నాకు ముందే చెప్పారు.

అందుకని మా ఆయన బండికి నాలుగు సామాన్లు పెట్టాడు. వానలో దారి కనబడటానికి రెండు ఫాగ్ లైట్లు. పాటన్ రోడ్డు మీది ఆవులకు వినబడటానికి కంపెనీ హారన్ తీసేసి ఒక లారీ గొంతు హారన్. నేను ఎక్కడున్నానో ల్యాబ్ వాళ్ళు ఫోన్‌లో చూసుకుంటారు కాబట్టి ఫోన్‌కు ఛార్జర్. వెనక శాంపిల్ పెట్టెలో చిన్న దీపం.

మావయ్య సీటు ఊడదీయించారు. వంగి చూశారు. నాలుగు సామాన్ల తీగలూ బ్యాటరీ మీదికే వచ్చి ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉన్నాయి. వాటి మీద నల్ల టేపు.

"ఏట్రా ఇది? పకోడీయా?"

"అందరూ ఇలాగే కడతారు నాన్నా. చల్తా హై, నడిచిపోద్ది."

"చల్తా హై అన్నావు, మంట దాకా నడిచింది. హారన్ తీగ హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఇనుముకి రాసుకుంది. తోలు ఊడింది. ఇక్కడ ఫ్యూజ్ ఉంటే అది పోయేది, తీగ బతికేది. ఫ్యూజ్ లేదు. అందుకని తీగ పోయింది. రేపు ఈ పిల్ల నడిరోడ్డు మీద ఉన్నప్పుడు పోతే?"

"సరే, ఒక ఫ్యూజ్ ఏస్తాను. పది నిమిషాలు."

"నాలుగు లోడ్లకి ఒక్క ఫ్యూజా? ఛార్జర్ పోతే లైట్లూ పోవాలేటి? నువ్వు ముట్టుకోకు."

మా ఆయన నోట్లో నురగ ఉమ్మేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు తండ్రీకొడుకులు మళ్ళీ మాట్లాడుకోలేదు.

మర్నాడు మావయ్య పాత క్యాలెండర్ కాయితం వెనక బొమ్మ గీసి నన్ను పిలిచారు. సెల్ఫ్ మోటారు లావు తీగ తప్ప బ్యాటరీ నుంచి బయటికి ఒక్కటే దారి. దాని మొదట్లో మెయిన్ ఫ్యూజ్. అక్కణ్ణుంచి ఒక పాయ ఇంజనుకు, ఇంకో పాయ సీటు కింద కొత్తగా పెట్టే ఫ్యూజ్ పెట్టెకు. మధ్యలో ఒక రిలే. తాళం తిప్పితేనే పెట్టెలోకి కరెంటు వెళ్తుంది. పెట్టెలో ఆరు గదులు. నాలుగు సామాన్లకు నాలుగు గదులు, రెండు ఖాళీ.

"మన ఇంట్లో మీటరు దగ్గర బోర్డు ఉంది కదమ్మా, అదే ఇది. వంటింటి ఫ్యూజ్ పోతే హాల్లో ఫేను ఆగదు."

"ఈ రెండు ఖాళీ ఎందుకు మావయ్యా?"

"నీ మొగుడు ఊరుకుంటాడేటి? ఇంకో రెండు సామాన్లు తెస్తాడు."

ఎంతసేపు పడుతుందని అడిగాను. మూడు రోజులన్నారు. పది రోజులు పట్టింది.

బండిని వరండాలోకి ఎక్కించారు. హ్యాండిల్‌కు ఒక ఎర్ర అట్ట తాడుతో కట్టారు. దాని మీద హిందీలో, తెలుగులో, ఇంగ్లీషులో 'మనుషులు పనిలో ఉన్నారు, ఆన్ చేయరాదు' అని రాసి, కింద సంతకం, తేదీ. ప్లాంటులో పద్ధతి అది. అట్ట కట్టినవాడే అట్ట విప్పాలి. అది కట్టి ఉండగా చీఫ్ ఇంజనీరు వచ్చినా స్విచ్ వేయకూడదు. రెండోది ఆయన సొంత పద్ధతి. పని మొదలు పెట్టేముందు మెయిన్ ఫ్యూజ్ పీకి చొక్కా జేబులో వేసుకుంటారు.

"ఫ్యూజ్ నా జేబులో ఉంటే నా పానం నా జేబులో ఉన్నట్టు. ఇంకెవడూ లైను ఛార్జ్ చెయ్యలేడు, కరెంటు ఒదల్లేడు."

జేబు సంగతి వచ్చినప్పుడల్లా జగ్గయ్య గారి కథ చెప్పేవారు. తొంభై ఎనిమిదిలో జగ్గయ్య గారు డ్యూటీ దిగి, జేబులో ఫ్యూజుతో సైకిలెక్కి సెక్టర్ 2 ఇంటికి వెళ్ళిపోయారట. మిల్లు గంటా నలభై నిమిషాలు ఆగింది. ఆనాటి నుంచి ఆయనకు జేబు జగ్గయ్య అని పేరు. పేరు పెట్టింది మావయ్యే.

అత్తయ్య ఆ బండి మీద రోజూ తువ్వాళ్ళు ఆరేసేది.

"పనిలో ఉన్నారని రాసుందా లేదా?" అనేవారు మావయ్య.

"ఉన్నది. మీరు టీ తాగుతున్నారు. పనిలో ఎవలున్నారు?"

మధ్యలో భిలాయి-3 నుంచి మా ఆయన షాపు పక్క మెకానిక్ నూకరాజు వచ్చి వరండాలో కూర్చున్నాడు. బండిని రెండు వైపులా చూశాడు.

"ఏటి బాబాయ్, బండికి సబ్‌స్టేషన్ కడుతున్నారట? ప్రారంభోత్సవం ఎప్పుడు? మంత్రిగారు వస్తారా?"

"నీకు పిలుపు లేదు. నువ్వు కట్టిన బళ్ళు మూడు మా జగ్గడి వీధిలోనే ఆగిపోయాయి."

నూకరాజు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నూకరాజు ఈ మాట స్టేషన్ రోడ్డంతా చెబుతాడని ఆయనకు తెలుసు. చెప్పాడు కూడా. ఆ వారం షాపుకొచ్చిన వాళ్ళు, మీ నాన్నగారు కట్టిన తర్వాత చూసి కట్టించుకుంటామన్నారట. అది ఆయన నాతో చెప్పలేదు, అత్తయ్యతో చెప్పాడు. అత్తయ్య నాతో చెప్పింది.

తీగలకు నెంబర్లు కట్టాల్సి వచ్చినప్పుడు మావయ్యకు ప్లాంటులో వాడే నెంబరు రింగులు దొరకలేదు. నా దగ్గర ట్రైనింగులో మిగిలిన శాంపిల్ లేబుళ్ళు ఉన్నాయి. రక్తం సీసాకు అంటించేవి. నీళ్ళు తగిలినా ఊడవు. నేను నెంబరు, సామాను పేరు, ఎన్ని యాంపియర్లు అన్నది రాసి ఒక్కో తీగకూ అంటించాను. ఒకటి: హారన్, పది. రెండు: ఫాగ్ లైట్లు, ఐదు. మూడు: ఛార్జర్, మూడు. నాలుగు: పెట్టె దీపం, రెండు. మెయిన్, ఇరవై. మావయ్య కళ్ళజోడు పైకెత్తి అన్నీ చదివారు.

"రాత బాగుంది. ప్లాంటులో ఉంటే నిన్ను లాగ్‌బుక్ మీద కూర్చోబెట్టేవాణ్ణి."

జూన్ 29 గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆయన అట్ట విప్పారు. జేబులోంచి మెయిన్ ఫ్యూజ్ తీసి చోటులో నొక్కారు. నాకు ఒక కాయితం ఇచ్చి సంతకం చేయమన్నారు. పని పూర్తయింది, మనుషులు పక్కకు తప్పుకున్నారు, లైను అప్పగించాను అని అందులో ఉంది.

"ఇప్పుడు ఛార్జ్ చెయ్యమ్మా."

తాళం తిప్పాను. రిలే టిక్కుమంది. లైట్లు వెలిగాయి. హారన్ కొట్టాను. ఎదురింటి బలరాం భయ్యా గేటు తీసి, లారీ ఏదని అటూ ఇటూ చూశాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి సీటు కిందికి చూశాడు. తీగలన్నీ ఒక వరసలో ఉన్నాయి. చెప్పులేసుకుని షాపుకు వెళ్ళాడు.

జూలై 3న ఉద్యోగంలో చేరాను. తొమ్మిదీ పదికి ల్యాబ్‌లో శాంపిళ్ళు పెట్టాను. రిజిస్టరు దగ్గర కూర్చునే కుముదిని రైల్వే వాళ్ళమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది గాని అంకెలు హిందీలోనే చదువుతుంది. "నౌ బజ్‌కే దస్. ఫస్ట్ క్లాస్ దీదీ," అంది. అత్తయ్య ఆ సాయంత్రం వీధిలో అందరికీ చెప్పింది: "మా కోడలు పొద్దున్నే నాలుగూళ్ళ రక్తం పట్టుకొస్తాది. మీ కోడళ్ళు మీ ఒక్కళ్ళ రక్తమే తాగుతారు."

జూలై 6న పంక్చర్. తొమ్మిదీ నలభై ఒకటి. ఒక ఆలస్యం. జూలై 11న సెలూద్ దాటాక కల్వర్టు మీద నీళ్ళు, యాభై నిమిషాలు ఆగాను. పది గంటల రెండు నిమిషాలు. రెండో ఆలస్యం. కుముదిని ఎర్ర పెన్నుతో రాస్తూ, "వాన అని రాయనా?" అని అడిగింది. రాసినా లెక్క లెక్కేనంది. ఇంటికొచ్చి చెప్పాను. ఇంక ఒక్కటే మిగిలిందని అందరికీ తెలిసింది.

అప్పటి నుంచి మావయ్య ఆదివారం ఆదివారం సీటు ఎత్తి తడి చేరిందేమో చూడటం మొదలుపెట్టారు. జూలై 16 ఆదివారం మధ్యాహ్నం అట్ట కట్టి, ఫ్యూజ్ పీకి, రిలే దగ్గర తుడుస్తున్నారు. విజయనగరం నుంచి ఫోన్ వచ్చింది. ఆయన అక్క చిన్నమ్మలు గారికి కంటి ఆపరేషన్ గురువారం చేస్తామన్నది మర్నాడు సోమవారమే చేసేస్తామన్నారట. తోడు ఎవరూ లేరు. మావయ్య సీటు మూసి, చేతులు కడుక్కుని, ఉన్న చొక్కాతోనే దుర్గ్ స్టేషన్‌కు వెళ్ళిపోయారు. నేను అప్పుడు ఇంట్లో లేను. మా ఆయన నిద్రపోతున్నాడు.

జూలై 17 సోమవారం ఉదయం ఐదూ ఇరవైకి తాళం తిప్పాను. రిలే టిక్కుమనలేదు. సెల్ఫ్ నొక్కాను. ఏమీ లేదు. దీపం కూడా లేదు.

మా ఆయన బయటికొచ్చాడు. ఆయన స్కూటర్ శనివారం నుంచి నూకరాజు దగ్గర ఇంజను విప్పి ఉంది. సీటు ఎత్తాం. మెయిన్ అని నేను రాసిన లేబులు ఉంది. దాని పక్క చోటు ఖాళీగా ఉంది.

"అట్ట కట్టి లేదే!" అన్నాను.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"ఆ ఎర్ర అట్టా? వానకి అచ్చరాలు కారిపోతన్నాయని నానే విప్పి బియ్యం డబ్బా మీద ఎట్టాను. ఆయన వచ్చి నా మీద పడిపోరూ, అట్ట తడిపేసినావని?"

"స్పేర్ ఫ్యూజులు ఎక్కడున్నాయి?"

"ఆయన ట్రంకు పెట్టిలో."

"తాళం?"

"ఆయన మొలతాడుకి."

మా ఆయన అప్పటికే ఒక రాగి తీగ ముక్క తెచ్చి పళ్ళతో కొరికి చివర తోలు తీస్తున్నాడు.

"దో మినట్. ఆ చోటులో ఇది చుట్టేస్తే ఎల్పోద్ది. సాయంత్రం షాపు నుంచి అసలుది తెస్తాను."

"వద్దు," అన్నాను.

"టైమెంతయిందో చూసుకున్నావా? షాపుకెళ్ళి రావాలంటే గంట."

"చూసుకున్నాను. ఐదూ ఇరవై ఆరు. తీగ వద్దు."

మావయ్యకు ఫోన్ చేశాను. రైలు చప్పుడు వినిపించింది. పార్వతీపురం దాటామన్నారు.

"మావయ్యా, ఒకసారి మీ చొక్కా జేబు చూసుకోండి."

ఫోన్‌లో బట్ట రాసుకున్న చప్పుడైంది.

"ఉందమ్మా," అన్నారు. "నా జేబులోనే ఉంది. ఓరి నాయనో. విజయనగరంలో దిగి తిరుగు బండి ఎక్కనా?"

"వద్దు. మీరు చిన్నమ్మలు అత్తమ్మగారి ఆపరేషన్ చూడండి. నేను చెప్పేది వినండి. హారన్ గదిలోంచి పది యాంపియర్ తీసి మెయిన్‌లో పెడతాను. మీ బొమ్మలో ఇంజను, హెడ్‌లైట్ కలిపి ఆరు. ఛార్జర్ రెండు, పెట్టె దీపం అర. మొత్తం ఎనిమిదిన్నర. ఫాగ్ లైట్ల ఫ్యూజ్ పీకేస్తాను. పది దాటదు. దాటినా ఫ్యూజే పోతుంది, తీగ పోదు."

మా ఆయన నోట్లోంచి తీగ తీసి నా వైపు చూస్తున్నాడు.

"అట్ట ఎక్కడుంది?" అన్నారు మావయ్య.

"బియ్యం డబ్బా మీద. నేను విప్పలేదు. అత్తయ్య విప్పింది."

"ఆవిడకి నేను వచ్చాక చెబుతాను. పని దగ్గర మనుషులెవరైనా ఉన్నారా?"

"ఆయన ఒక్కరే. పక్కకు జరిగారు."

"అయితే ఛార్జ్ చెయ్యమ్మా."

ఫాగ్ లైట్ల ఫ్యూజ్ పీకి మా ఆయన చేతిలో పెట్టాను. హారన్ ఫ్యూజ్ పీకి మెయిన్‌లో నొక్కాను. తాళం తిప్పాను. రిలే టిక్కుమంది. సెల్ఫ్‌కు ఇంజను అందుకుంది. మా ఆయన సీటు బిగించాడు. శాంపిల్ పెట్టె మూత సరిచూసి పక్కకు జరిగాడు. నేను గేటు దాటేసరికి ఐదూ ముప్పై ఎనిమిది.

ఆ రోజు వాన లేదు. ఆవులున్నాయి. ఉతయి దాటిన దగ్గర్నుంచి జామగావ్ దాకా నేను హారన్ బదులు నోటితో అరిచాను. "హట్ మాయీ, హట్" అంటే ఆవులు కదల్లేదు. "ఏటే, తప్పుకోవేటే" అంటే ఒకటి కదిలింది. పాటన్‌లో పరీక్షకు వచ్చిన పెద్దాయన, మీ గొంతు పోయిందేమిటి, ముందు మీరు చూపించుకోండి అన్నాడు. పదిహేడు మంది దగ్గర శాంపిళ్ళు తీసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు సెలూద్ దగ్గర ట్రాక్టరొకటి దారి ఇవ్వక మూడు కిలోమీటర్లు ముందు నడిచింది. లైటు వేసి ఆర్పి, వేసి ఆర్పి దాటాను.

ల్యాబ్ మెట్ల దగ్గర బండి ఆపి పెట్టె తీసుకుని పైకి పరుగెత్తాను. కుముదిని గోడ గడియారం చూసింది. "నౌ ఛబ్బీస్," అంది. తొమ్మిదీ ఇరవై ఆరు. నల్ల పెన్నుతో రాసింది.

కిందికి దిగితే మా ఆయన బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఆటోలో షాపుకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఇరవై యాంపియర్ల ఫ్యూజులు ఒక పొట్లం తీసుకుని వచ్చాడు. తనే సీటు ఎత్తాడు. హారన్‌ది హారన్ గదిలో, కొత్తది మెయిన్‌లో, ఫాగ్ లైట్లది దాని గదిలో పెట్టాడు. లేబుళ్ళు చదువుకుంటూ పెట్టాడు. మిగిలిన రెండు ఫ్యూజులు టేపుతో సీటు అడుగున అంటించాడు.

"నాన్నకు చెప్పకు," అన్నాడు.

"ఏమిటి?"

"ఆ తీగ ముక్క సంగతి."

"నేను ఫోన్‌లో ఉన్నప్పుడు మీరు దాన్ని కొరుకుతున్నారు. ఆయనకు వినిపించే ఉంటుంది."

గురువారం మావయ్య విజయనగరం నుంచి తిరిగొచ్చారు. చిన్నమ్మలు గారి కన్ను బాగుందన్నారు. ఇరవై యాంపియర్ల ఫ్యూజ్ తీసి నా చేతిలో పెట్టారు. ఇంకా కూర్చోక ముందే గేటు చప్పుడైంది. సెక్టర్ 2 నుంచి జగ్గయ్య గారు అరకిలో జిలేబీతో వచ్చారు. అత్తయ్య ఫోన్ చేసి చెప్పిందట.

"ఏరా గోపాలం, ఇరవై ఐదేళ్ళు," అన్నారు జగ్గయ్య గారు. "ఇరవై ఐదేళ్ళు మోసేను ఆ పేరు. ఇంద, నోరు తెరు. నాను సెక్టర్ 2 దాకానే ఎల్లేన్రా. నువ్వు ఆంధ్రా ఎల్లిపోనావు."

మావయ్య జిలేబీ నములుతూ ఉండిపోయారు. అత్తయ్య నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది.

తర్వాత సోమవారం, జూలై 24న, మా ఆయన షాపుకు వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఒక పాల వ్యాపారి బండికి ఐదు సామాన్లు పెట్టమన్నాడని, అతను ఫ్యూజ్ పెట్టెతో సహా కావాలంటున్నాడని తండ్రితో చెప్పాడు.

"పది రోజులు పట్టకూడదు నాన్నా. ఒక్క రోజు. కస్టమర్ నిలబడి ఉంటాడు."

"ఒక్క రోజులో అవదు. రెండు."

"డేఢ్. ఒకటిన్నర."

"లంచ్‌కి ఎంతసేపు వదుల్తావో దాని మీద డిపెండయి ఉంటాది," అన్నారు మావయ్య. లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు. మార్చుకున్న చొక్కాకు జేబు లేదు. జేబును అత్తయ్య ఆదివారమే కుట్లు విప్పి తీసేసింది.

జూలై 31 నాటికి నా పేరు ఎదుట రెండు ఆలస్యాలే ఉన్నాయి, జాబితాలో తర్వాతి పేరును పిలవలేదు. ఆగస్టు 1 నుంచి ల్యాబ్ వాళ్ళు నా రూట్‌లో ఐదో ఊరు చేర్చారు. ఆ ఊరి పేరు అండా.